శుద్ధి చేసిన మురుగు బురద: డెల్టా మాగాణుల్లో భార లోహాల ముప్పు

పట్టణ మురుగునీటిని శుద్ధి చేయగా మిగిలే బురదలో నత్రజని, భాస్వరం, సేంద్రియ పదార్థం ఉంటాయి. అందువల్ల దానిని పొలాలకు ఎరువుగా వాడవచ్చన్న సూచన సమంజసంగానే కనిపిస్తుంది. అయితే ‘శుద్ధి’ అన్న మాట ఇక్కడ కొంత భ్రమ కలిగిస్తుంది. గాలి చొరని తొట్లలో బురదను మగ్గబెట్టినప్పుడు రోగకారక క్రిములు తగ్గుతాయి; సేంద్రియ పదార్థం కొంత వాయురూపంలో పోతుంది. కాడ్మియం, సీసం, నికెల్, క్రోమియం మాత్రం పోవు. బురద పొడి బరువు మూడో వంతు తగ్గితే మిగిలిన దానిలో లోహాల గాఢత ఒకటిన్నర రెట్లవుతుంది.

పాలకొల్లు పరిసరాల వంటి గోదావరి డెల్టా మాగాణుల్లో ఈ విషయాన్ని ప్రత్యేకంగా పరిశీలించవలసి ఉంది. బంకమన్ను అధికంగా గల ఒండ్రు నేలలు లోహాలను గట్టిగా పట్టి ఉంచుతాయి. పొలంలో నీరు నిలిచినంతకాలం ప్రాణవాయువు అందక సల్ఫేటు సల్ఫైడుగా మారి, కాడ్మియాన్ని కరగని రూపంలో బంధిస్తుంది. కోతకు ముందు నీరు తీసివేయగానే సల్ఫైడు ఆక్సీకరణ చెంది, కాడ్మియం తిరిగి నేల ద్రావణంలోకి వస్తుంది. పైరు గింజ కట్టి ముదిరే కాలమూ అదే. తడి, పొడి పద్ధతిలో నీటిని పొదుపు చేయమని సూచించే విస్తరణ శాస్త్రవేత్తలు బురద వేసిన పొలాల్లో ఈ సంగతిని విస్మరించరాదు. (ఆర్సెనిక్ ప్రవర్తన ఇందుకు విరుద్ధం, నీరు నిలిచినప్పుడే అది అధికంగా కరుగుతుంది.) జపానులోని జింజు నదీ ప్రాంతంలో గని వ్యర్థాల కాడ్మియం ప్రధానంగా వరి బియ్యం, నీటి ద్వారానే ప్రజలకు చేరి ఇతాయి-ఇతాయి వ్యాధికి కారణమైంది. ఆ దేశ ప్రభుత్వం 1968లో ఈ సంబంధాన్ని గుర్తించింది.

లోహాలు నేలలో పేరుకునే తీరు చిన్న లెక్కతో బోధపడుతుంది. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పట్టణ కంపోస్టులో కాడ్మియం కిలోకు 5 మి.గ్రా. మించరాదు. సరిగ్గా ఆ హద్దులో ఉన్న బురదను హెక్టారుకు ఏటా 5 టన్నులు వేస్తే 25 గ్రాముల కాడ్మియం చేరుతుంది. హెక్టారు పైమట్టి బరువు సుమారు 20 లక్షల కిలోలు కనుక కిలో మట్టికి పెరిగేది 0.0125 మి.గ్రా. మాత్రమే. అయితే 6 టన్నుల ధాన్యంలో కిలోకు 0.1 మి.గ్రా. ఉన్నదనుకున్నా, గింజతో పొలం దాటేది 0.6 గ్రాములే. మిగిలినది చాలావరకు అక్కడే నిలుస్తుంది. బురదలో కిలోకు 20 మి.గ్రా. ఉంటే ఇరవై ఏళ్లలో కిలో మట్టికి 1 మి.గ్రా. పెరుగుతుంది.

ఇంగ్లండులోని వోబర్న్ ప్రయోగ క్షేత్రంలో 1942 నుండి 1961 వరకు బురద వేశారు. ఆపివేసిన ఇరవై ఏళ్ల తర్వాత కూడా లోహాలు అధిక భాగం పైమట్టిలోనే ఉన్నాయి. ఆ మళ్లలో తెల్ల క్లోవర్ వేరుబుడిపెల్లోని రైజోబియం నత్రజనిని స్థిరీకరించలేకపోయింది. వరి కోసిన మాగాణిలో మినుము, పెసర వేసే రైతుకు ఇది దూరదేశపు ముచ్చట కాదు.

చిన్న పట్టణాల్లో బ్యాటరీ మరమ్మతు, లోహపు పూత పనుల మురుగును ఇళ్ల మురుగులో కలవనీయకపోవడమే అన్నిటికన్నా చౌకైన ఉపాయం. ప్రతి విడత బురదనూ పరీక్షించాలి; హద్దు మించినదాన్ని వరికి, ఆకుకూరలకు వాడరాదు. తొలిసారి బురద వేయకముందే పొలం మట్టిలో కాడ్మియం, సీసం ఎంతెంత ఉన్నాయో నమోదు చేయించాలి. ఆ అంకెలు లేకపోతే, పదేళ్ల తర్వాత కనిపించే లోహం బురదతో వచ్చినదో, భాస్వరపు ఎరువుతో వచ్చినదో తేల్చడం దుస్సాధ్యం.