ఉద్దానపు నీళ్లు, కళాశాల గ్రంథాలయము: సమాచార అక్షరాస్యత బోధన

సమాచార అక్షరాస్యత అనగా తనకు ఏ సమాచారము కావలెనో గుర్తించుట, దానిని వెదకి పట్టుకొనుట, దొరికినదానిని తూచుట, న్యాయముగా వాడుకొనుట. ఈ మాటను 1974లో అమెరికాలో పాల్ జుర్కౌస్కీ ప్రయోగించాడు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడిన నాడు పెద్దల బాధ వేరు. ఊరికి పుస్తకము ఎట్లు చేర్చవలెనన్నదే వారి చింత. నేడు పలాసలో డిగ్రీ చదివే కుర్రవాని చేతి ఫోనులో కావలసినదానికంటె ఎక్కువే ఉన్నది. అందులో ఏది నమ్మవలెనన్నది అతనికి ఎవరూ నేర్పలేదు.

కళాశాల చేరిన మొదటి వారములో విద్యార్థులను వరుసగా నడిపించి బీరువాలు చూపించి పంపుట మన కళాశాలలలో అలవాటు. అది పరిచయమే గాని బోధన కాదు. విద్యార్థి ఎదుట నిజమైన ప్రశ్న ఒకటి ఉండవలెను. పలాస, టెక్కలి ప్రాంతపు విద్యార్థికి అట్టి ప్రశ్న కొరకు దూరము పోనక్కరలేదు.

పలాసకు తూర్పున సముద్రము వరకు, ఇచ్ఛాపురము దాక వ్యాపించిన కొబ్బరి, జీడి తోటల సీమ ఉద్దానము. ఉద్యానమనే మాటే ఉద్దానమైనదని చెప్పుకుంటారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో మూత్రపిండాల జబ్బు దశాబ్దాలుగా మనుష్యులను తీసుకొనిపోతున్నది. కారణమేమని అడిగితే ఒకరు బోరు నీరంటారు, ఒకరు నీటిలోని సిలికా అంటారు, ఒకరు తోటల పురుగుమందులంటారు, ఒకరు వంశపారంపర్యమంటారు. ఈ చివరి మాట వలన ఆ ఊళ్లకు పెండ్లి సంబంధాలు రాక వెనుకకు పోతున్న సంగతి పత్రికలలో వచ్చినదే. ఒక్క నిర్ధారణ కాని మాట ఒక ఆడపిల్ల జీవితమును ఆపుతున్నదంటే, సమాచారమును తూచుట పరీక్ష మార్కుల కొరకు నేర్చుకొనే విద్య కాదు.

వెదకుట ఎక్కడ మొదలు?

గ్రంథపాలకుడు మొదట చూపవలసినది ఒక విషయము ఒకే అరలో ఉండదన్న సంగతి. డ్యూయీ వర్గీకరణలో మూత్రపిండ వ్యాధులు 616.61 దగ్గర, మంచినీటి సరఫరా 628.1 దగ్గర, వ్యవసాయము 630లలో ఉంటాయి. ఉద్దానము ప్రశ్న ఈ మూడు చోట్లను తాకుతుంది. విద్యార్థి స్వయముగా మూడు అరలకు నడవవలెను.

తరువాతిది మాటల ఎంపిక. మన పాఠకులకు ఇది సులువుగా అర్థమవుతుంది. బైబిలు పదసూచికలో 'కనికరము' మాత్రమే చూచి ఆపేవాడు 'జాలి', 'దయ' ఉన్న వచనాలను పోగొట్టుకుంటాడు. అట్లే 'ఉద్దానం' అని మాత్రమే వెదకినవానికి స్థానిక వార్తలు దొరుకుతాయి. ఇంగ్లీషులో ఆ పేరును కొందరు 'హెచ్' చేర్చి, కొందరు చేర్చక వ్రాస్తారు గనుక రెండు విధాల వెదకవలెను. వైద్యులు దీనిని 'కారణము తెలియని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి' అంటారు. ఆ మాటతో పబ్‌మెడ్‌లో వెదకితే శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతము, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల కూలీలు కూడ మన ఎదుటికి వస్తారు. తమ ఊరి బాధ తమ ఊరిది మాత్రమే కాదని విద్యార్థికి తెలిసేది అక్కడే.

దొరికినదానిని తూచుట

బోధనలో ఎక్కువ సమయము దీనికే ఇవ్వవలెనని మా అభిప్రాయము. మొదట లెక్కలు. 'సగము మందికి జబ్బు' అని ఒక వార్త చెప్పిందనుకొందము. ఎవరిలో సగము? ఆసుపత్రికి వచ్చినవారిలోనా, ఊరందరిలోనా? 2020లో కిడ్నీ ఇంటర్నేషనల్ రిపోర్ట్స్ పత్రికలో ప్రచురితమైన సర్వే ఉద్దానము గ్రామాలలో రెండు వేలకు పైగా పెద్దలను పరీక్షించి, దాదాపు ఐదుగురిలో ఒకరికి దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఉన్నదని తేల్చింది. ఊరిలో నమూనాగా ఎన్నుకొన్నవారి లెక్క అది. ఆసుపత్రి వరండాలో కూర్చున్నవారి లెక్కను దానితో కలుపరాదు. ఆ పత్రికను రుసుము లేకుండ ఎవరైనను చదువవచ్చు గనుక, 'మా కళాశాలకు చందా లేదు' అనుటకు వీలు లేదు. ఇంకొక మెలిక: క్రియాటినిన్ ఒక్కసారి ఎక్కువ వచ్చినంత మాత్రమున దీర్ఘకాలిక వ్యాధి అనరు. మూడు నెలలకు పైగా లోపము నిలిచి ఉండవలెను. ఒక్క రోజు శిబిరపు అంకెలను చదివేటప్పుడు ఇది మనసులో ఉండవలెను.

రెండవది ఊహకు, ఋజువుకు మధ్యనున్న దూరము. 2014లో శ్రీలంక పరిశోధకులు కొందరు గ్లైఫోసేట్ అనే కలుపుమందు, కఠిన జలము, లోహాలు కలిసి ఈ జబ్బుకు కారణము కావచ్చునని ఒక వ్యాసము వ్రాశారు. అది ప్రతిపాదన మాత్రమేనని ఆ వ్యాసమే చెప్పుకొన్నది. 2015లో శ్రీలంక ఆ మందును నిషేధించింది. 2018లో తేయాకు, రబ్బరు తోటలకు సడలించింది. 'నిషేధించారంటే అదే కారణము కదా' అని విద్యార్థి తప్పక అడుగుతాడు. ప్రభుత్వ నిర్ణయము జాగ్రత్త కొరకు తీసుకొనేది కావచ్చు, అది శాస్త్ర నిరూపణ కాదు. మన దగ్గర హిరమండలము జలాశయము నుండి ఉద్దానమునకు మంచినీటి పథకము తెచ్చారు. 2023 డిసెంబరులో దాని ప్రారంభముతో పాటు పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రము కూడ ప్రారంభమైనవి. మంచినీరు రావలసినదే. అయినను నీరు తెచ్చారు గనుక నీరే దోషియని తీర్మానించకూడదు. కారణము తేలిపోయి ఉంటే పరిశోధన కేంద్రము ఎందుకు?

ఇట్లనగా 'ఏదీ తెలియదు' అని చెప్పినట్లు కాదు. నొప్పి మాత్రలను ఇష్టము వచ్చినట్లు మ్రింగుట మూత్రపిండాలకు హాని అన్నది వైద్యులలో వివాదము లేని విషయము. తెలిసినదానిని గట్టిగా, తెలియనిదానిని తెలియనట్లుగా వ్రాయుట విద్యార్థికి అలవాటు చేయవలెను. దొరికినదానిని ఎక్కడనుండి తీసుకొన్నాడో వ్రాయించుట కూడ ఇందులో భాగమే. కాపీ తప్పు అని గోడమీద అంటించుట కంటె, మూలము పేరు ఎట్లు వ్రాయాలో ఒక గంట కూర్చోబెట్టి చూపుట మేలు.

ఇప్పుడు చాట్‌జీపీటీ వంటివాటిని అడిగి వ్యాసాలు వ్రాసే విద్యార్థులున్నారు. అవి ఎన్నడూ లేని పత్రికా వ్యాసాలకు సైతము పేరు, సంవత్సరము, పుట సంఖ్య పుట్టించగలవు. 2023లో న్యూయార్కులో ఇద్దరు న్యాయవాదులు అట్టి లేని తీర్పులను కోర్టులో ఉదహరించి జరిమానా కట్టారు. ఉదహరించిన ప్రతి మూలమును తెరచి చూడవలెనన్న నియమము ఒక్కటే దీనికి మందు.

కాపరుల మాట

రోగి ఇంటికి ప్రార్థనకు పోయిన కాపరిని 'అయ్యగారూ, ఫలానా వేరు తింటే డయాలసిస్ అక్కరలేదట, నిజమేనా?' అని అడుగుతారు. ఫోనులో వచ్చిన ఆ సందేశమును ఎవరు వ్రాశారు, ఎప్పుడు వ్రాశారు, ఎవరిమీద పరీక్షించారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు లేనప్పుడు అది వేదిక మీద నుండి పలుకదగిన మాట కాదు. లూకా తన సువార్త ఆరంభములో కన్నులార చూచినవారిని ప్రస్తావించి, మొదటి నుండి తరచి తెలిసికొన్నానని చెప్పుకొనుట మనకు తెలిసినదే.

చిన్న కళాశాల గ్రంథపాలకుడు రేపే మొదలు పెట్టగల పని ఒకటున్నది. ఉద్దానము మీద ఒక ఫైలు. వార్తా కత్తిరింపు ఒక వైపు, దానికి ఆధారమైన అసలు నివేదిక ఎదురుగా, రెండింటి మీద తేదీ. రెండింటికి నడుమ తేడా ఏమిటో విద్యార్థి తన చేతితో ఒక పుట వ్రాసి అందులో పెట్టవలెను. మరుసటి సంవత్సరపు తరగతి ఆ పుటను తిరిగి పరీక్షిస్తుంది.