సెల్ఫ్ బరువుగా తిరుగుతోందా? ముందు ఎర్త్ చూడండి

కంపెనీ కారులో సెల్ఫ్ బరువుగా తిరిగితే బ్యాటరీని అనుమానించడం చాలావరకు న్యాయమే. సొంతంగా కట్టుకున్న కారులో మాత్రం మొదటి అనుమానం ఎర్త్ మీదికి పోవాలి. కొత్త బ్యాటరీ కొని, ఆ తర్వాత సెల్ఫ్ మోటారు కూడా మార్చి, అయినా బండి మూలుగుతూనే ఉందని వాపోయేవాళ్లను చూస్తే బాధగా ఉంటుంది. చాలాసార్లు ఆ జబ్బుకు మందు ఒక జానెడు రాగి తీగ.

కారును చేతులతో కట్టడం తమిళనాడు తెలుగువాళ్లకు కొత్త కాదు. కోవిల్‌పట్టిలో లక్ష్మీ మిల్స్ అక్కడ అందరికీ తెలుసు. కోయంబత్తూరులో ఆ సంస్థను నిలబెట్టిన నాయుళ్ల కుటుంబంవారే ఎస్. కరివర్ధన్. 1980ల చివర్లో మారుతి 800 ఇంజనుతో ఒంటి సీటు రేసు కారు, ఫార్ములా మారుతి, తయారుచేశారు. నరేన్ కార్తికేయన్ రేసుల్లో తొలి అడుగులు వేసింది ఆ కార్లలోనే. 1995లో విమాన ప్రమాదంలో పోయిన ఆయన పేరునే చెట్టిపాళయంలోని కరి మోటార్ స్పీడ్‌వే మోస్తోంది. ఫార్ములా భారత్ పోటీలకు ఇంజనీరింగ్ విద్యార్థులు తాము కట్టిన కార్లను అక్కడికే తెస్తారు.

ఇలా చేతులతో కట్టిన కార్లలో ఎర్త్ ఎందుకు దెబ్బతింటుంది? బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కు వెళ్లిన కరెంటు మళ్లీ బ్యాటరీ నెగెటివ్‌కు చేరాలి, ఆ తిరుగుదారే ఎర్త్. కంపెనీ కారులో ఉక్కు బాడీ ఆ దారి ఇస్తుంది. ఇక్కడ బాడీ ఫైబర్, అందులో కరెంటు పారదు. ఛాసిస్ పైపులకు మందంగా పెయింటు ఉంటుంది. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి ఛాసిస్‌తో దానికి లోహపు పొత్తే ఉండదు. పైగా బరువు సర్దడానికి బ్యాటరీని వెనక్కి జరుపుతారు, కేబుల్ పొడవు పెరుగుతుంది.

హెడ్‌లైటు బాగానే వెలుగుతోందిగా అంటారు. 55 వాట్ల బల్బు లాగేది 5 ఆంపియర్ల లోపే. చిన్న ఇంజనుకు కూడా సెల్ఫ్ 100 నుంచి 150 ఆంపియర్లు అడుగుతుంది. దూరంనుంచి సన్న తీగ లాగితే బోరు మోటారు ఎలా మూలుగుతుందో నల్లరేగడి రైతుకు తెలుసు. ఇక్కడా అదే సంగతి. 10 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ 4 మీటర్లు వేస్తే 150 ఆంపియర్ల దగ్గర దాదాపు 1 వోల్టు దారిలోనే పోతుంది. 25 చదరపు మిల్లీమీటర్లది వేస్తే పోయేది 0.4 వోల్టు. రాగి పూత పూసిన అల్యూమినియం కేబుల్ చవకని కొంటే నష్టం ఇంకా ఎక్కువ.

పరీక్షకు మల్టీమీటరు చాలు. ఇంజను స్టార్ట్ కాకుండా ఇగ్నిషన్ కాయిల్ కనెక్షన్ తీసేయండి. నిలకడగా ఉన్నప్పుడు నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపుతుంది. ఒకరు సెల్ఫ్ కొడుతుండగా మరొకరు బ్యాటరీ రెండు పోల్స్ మధ్య కొలవాలి. 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీ నీరసించినట్టు, లేదా సెల్ఫో ఇంజనో బిగుసుకుని అతిగా లాగుతున్నట్టు. 11.5 దగ్గర నిలబడి కూడా ఇంజను బద్ధకంగా తిరిగితే కరెంటు దారిలో ఎక్కడో ఆగుతోంది.

అప్పుడు ఒక ప్రోబ్ బ్యాటరీ నెగెటివ్ సీసపు పోల్ మీద, క్లాంపు మీద కాదు, రెండోది సెల్ఫ్ మోటారు ఒంటిమీద పెట్టి మళ్లీ కొట్టించండి. 0.2 వోల్టు దాకా ఫర్వాలేదు. 1.5 కనిపిస్తే దొంగ దొరికినట్టే. పోల్ నుంచి క్లాంపుకు, క్లాంపు నుంచి ఛాసిస్‌కు, ఛాసిస్ నుంచి ఇంజనుకు ఒక్కో అంగ జరుపుతూ కొలిస్తే అంకె ఎక్కడ ఎగిరిందో అదే చోటు. పాజిటివ్ వైపు కూడా ఇలాగే చూడాలి, అక్కడ 0.5 వరకు సహించవచ్చు.

మీటరు లేకపోతే జంపర్ కేబుల్ ఒక కొన నెగెటివ్ పోల్‌కు, రెండో కొన ఇంజను లోహానికి తగిలించండి. సెల్ఫ్ హుషారుగా తిరిగిందా, తప్పు ఎర్త్‌దే. ఇంజను వైపు కొననే ఆఖరున తగిలించాలి, రవ్వ ఎగిరినా అది బ్యాటరీకి దూరంగా ఉండాలి. చార్జింగ్‌లో బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది. బాణసంచా తయారయ్యే తమిళనాడు ఊరు వెంబకోట్టైలో వాళ్లకు ఒక్క నిప్పురవ్వ ఏం చేయగలదో చెప్పక్కర్లేదు.

మరమ్మతు తేలికే. ఛాసిస్ మీద లగ్గు కూర్చునే చోట గరుకు కాగితంతో పెయింటు రుద్ది మెరిసే లోహం తేల్చి, బిగించాక పైన గ్రీజు పూయాలి. ఇంజను బ్లాక్ నుంచి ఛాసిస్‌కు, వీలైతే నేరుగా బ్యాటరీ నెగెటివ్‌కు, లావు కేబుల్ వేయాలి.

ఇవన్నీ సరిగా ఉన్నా ఇంజను వెనక్కి తన్నినట్టు ఆగి ఆగి తిరిగితే టైమింగ్ ముందుకు జరిగిందేమో చూడండి. కాయిల్ తీసేసినప్పుడు సాఫీగా తిరిగితే అదే. కొత్తగా బోరు చేసిన ఇంజను కొన్నాళ్లు బిగుతుగానే ఉంటుంది.

పొద్దున బాగుండి, మధ్యాహ్నం ఆపి మళ్లీ కొడితే మాత్రమే మొరాయిస్తుంటే చూడాల్సింది సైలెన్సర్ పైపును. ఇరుకు ఇంజను గదిలో అది సెల్ఫ్‌ను ఆనుకుని పోతుంది. వేడి 100 డిగ్రీలు పెరిగితే రాగి నిరోధం సుమారు 40 శాతం పెరుగుతుంది. సైలెన్సర్ పైపుకూ సెల్ఫ్‌కూ మధ్య, దేనికీ తగలకుండా, ఒక రేకు అడ్డం కట్టండి.