గాజుతొట్టెల కొరకు దేశాంతర మత్స్యసేకరణము: గంజాం సీమ నుండి ఒక పరిశీలనము

బరంపురమునకు దక్షిణముగా, ఒడిశా రాష్ట్రము ముగిసి ఆంధ్రరాష్ట్రము మొదలగు చోట గిరిసోల యున్నది. దానిని దాటినచో ఇచ్ఛాపురము. 16వ నెంబరు జాతీయ రహదారిపై లారీలు నడపువారికి ఈ గ్రామము పేరు తనిఖీద్వారము వలన చిరపరిచితము. గోదావరి, కృష్ణా సీమల చెరువులలో పెరిగిన శీలావతి, బొచ్చె చేపలు మంచుగడ్డల నడుమ పెట్టెలలో పేర్చబడి యీ మార్గముననే ఉత్తరదేశమునకు పోవుచుండును. టన్నుల లెక్కన సాగు ఆ వాణిజ్యమునకు ప్రక్కనే, గుంటలలోను, వరిమళ్ళ కాలువలలోను, వ్రేలెడు పొడవైన లేని చిరుచేపలు తిరుగాడుచుండును. ఒక పూట పులుసునకు దోసెడు పరిగెలు దొరికిన చాలుననుకొను ఇల్లాండ్రకు తప్ప వానితో ఎవరికిని పని లేదు. అట్టి చేపల కొరకే సముద్రములు దాటి వచ్చినవారు కలరన్నచో ఇచ్చటివారికి వింతగా తోచును.

ఇంటిలో గాజుతొట్టె నుంచుకొని చేపలను పెంచువారిలో అధికులు వానిని అంగడిలోనే కొందురు. అంగళ్ళలో దొరకు మంచినీటి అలంకారమత్స్యములలో సుమారు పదింట తొమ్మిది వంతులు పెంపకపు చెరువులలో పుట్టినవే. మిగిలిన వంతు ఏరులలోను, చిత్తడినేలలలోను సహజముగా పుట్టి పట్టుబడినవి. ఈ చిన్న వంతు కొరకే అమెజాను, కాంగో, బోర్నియో, అస్సాము ప్రాంతములకు సొంత ధనము వెచ్చించి, వలలు మూటగట్టుకొని పోవు ఔత్సాహికులు ఐరోపా, అమెరికా, జపాను దేశములందు కలరు. పెంపకపు చేప చవుకగా దొరకుచుండగా ఇంత శ్రమ యేల యన్న ప్రశ్న సహజమైనది. వీరు కోరునది చేపతోపాటు దాని చిరునామా. ఏ యేటిది, ఏ ఋతువున పట్టినది, ఆ నీరు ఎట్టిది, ప్రక్కన ఏ మొక్కలుండినవి యను వివరము లేని చేప వారి దృష్టిలో ఊరు పేరు చెప్పలేని మనిషి వంటిది.

చేపను దాని ఊరితో, ఊరివారు పిలుచు పేరుతో కలిపి వ్రాయు పద్ధతికి తెలుగుతీరమునందే యొక పాత ఉదాహరణము కలదు. స్కాట్లండు దేశపు వైద్యుడైన పాట్రిక్ రస్సెల్ 18వ శతాబ్ది చివర విశాఖపట్టణమున నివసించి, అచ్చటి బెస్తవారు తెచ్చిన చేపలను పరీక్షించి, 200 చేపల బొమ్మలతో 1803లో లండనునందు రెండు సంపుటముల గ్రంథమును ప్రకటించెను. ఆ బొమ్మలకు శీర్షికలుగా అతడు వాడినవి తెలుగు జాలరుల నోటి పేర్లు. ఆ గ్రంథము నాధారము చేసికొని ఫ్రాన్సుదేశపు ప్రకృతిశాస్త్రజ్ఞుడు కువియే 1816లో ఒక చేపకు పెట్టిన పేరు ‘కనగుర్త’. నేటికిని ప్రపంచమంతట శాస్త్రజ్ఞులు దానిని రాస్ట్రెల్లిగర్ కనగుర్త యనియే వ్రాయుదురు. అయితే రస్సెలు దృష్టి ప్రధానముగా సముద్రపు చేపలపై నుండెను. మంచినీటి చేపలకు ఆ గౌరవము బంగాళమున లభించినది. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో ప్రకటించిన గంగానది మత్స్యగ్రంథమునందు కట్ల, రోహిత, మ్రిగాల, మోల వంటి వంగభాషా నామములు శాస్త్రనామములుగా నిలిచిపోయినవి. గంజాం గుంటలలోని పరిగెలలో కొన్నియు ఆ గ్రంథమునకు ఎక్కినవే; అవి అందు వంగదేశపు పేర్లతోనే యున్నవి. 1914లో నెల్సన్ అనండేల్ మొదలగువారు చిలికా సరస్సును శోధించినపుడు గంజాం వైపు నీరు శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చినది. ఆ సరస్సులోని చేపల వర్ణన చేసినవారిలో బి.ఎల్. చౌధురి ముఖ్యుడు. కాని చిలికా ఉప్పునీరు, మంచినీరు కలసిన సరస్సు. ఊరి చెరువు, పొలముగట్టు కాలువ ఆ పరిశోధనకు వెలుపలనే యుండెను.

గాజుతొట్టెలో చేపల నుంచు వేడుక ఇంగ్లండున 1850 తరువాత వ్యాపించెను. లండను జంతుశాలలో ప్రజలు చూచుటకు మత్స్యగృహము తెరచినది 1853లో. ఆనాడు ఉష్ణదేశముల చేపలను ప్రాణముతో ఓడలలో తెచ్చుట గొప్ప సమస్య. డబ్బాలోని నీరు ఒకటి రెండు దినములకే చెడిపోవును, చేపకు ఊపిరాడదు. అందువలన తొలుత ఐరోపాకు చేరినవి గాలిని నేరుగా పీల్చగల జాతులు. ఈ రహస్యము గంజాం సీమవారికి క్రొత్తది కాదు. కొర్రమేను కొద్దిపాటి నీటిలో గంటల తరబడి ప్రాణముతో నుండుట చేపల సంతలో పిల్లలు కూడ చూచినదే. మొప్పల పైభాగమున నుండు ప్రత్యేకమైన అవయవము వలన అది గాలిలోని ప్రాణవాయువును గ్రహింపగలదు. ఇట్టి శక్తియే కల చైనాదేశపు స్వర్గమత్స్యములు 1869లో పారిసు చేరగా, పియెర్ కార్బొనియే యనునతడు వానిని తొట్టెలలో పిల్లలు పెట్టించెను. ఆ వెనుక 1870వ దశాబ్దమునందే అతనికి భారతదేశమునుండి ఇంద్రధనుస్సు చేపలు, అనగా వంగదేశీయులు ఖొలిషా యనునవి, చేరినవి. మగచేప నోటితో గాలిబుడగలు వదలి, నీటిపై నురుగుగూడు కట్టి, గ్రుడ్లను కాచు విధమును అతడు వర్ణింపగా పారిసు పండితులు ఆశ్చర్యపడిరి. ఇచ్చటి చెరువుల అంచులలో వానకాలమున తేలు ఆ నురుగును ఎందరు గమనించియుందురో!

చిరునామా విలువ యెంతటిదో తెలుపుటకు జీబ్రాచేప కథ చాలును. నీలిచారలు గల యీ చిట్టిచేపను హామిల్టన్ కోసీనది ప్రాంతము నుండి వర్ణించి రెరియో యని పేరిడెను. భారతదేశమున పెక్కుచోట్ల మందముగా పారు కాలువలలోను, పొలముల నీటిలోను ఇది వసించును. 20వ శతాబ్ది ఆరంభమున ఐరోపా తొట్టెలకు చేరి, సులభముగా గ్రుడ్లు పెట్టుటచే చవుక చేపగా మారినది. అమెరికాలో ఆరెగన్ విశ్వవిద్యాలయమున జార్జి స్ట్రైసింగర్ దీనిని జన్యుశాస్త్ర పరిశోధనకు ఎన్నుకొని 1981లో తన ఫలితములను ప్రకటించెను. నాటినుండి వేల ప్రయోగశాలలలో ఇది మానవరోగముల పరిశోధనకు ఆధారమైనది. అంగడిచేపల సంతతియగు ప్రయోగశాల వంశములలో ఆడ మగ నిర్ణయ మెట్లు జరుగునో మాత్రము దశాబ్దములు అంతుపట్టలేదు. 2014లో వెలువడిన పరిశోధన ఆ చిక్కు విప్పినది: లింగమును నిర్ణయించు సహజ జన్యుభాగము అడవినీటి చేపలలో నున్నది, తరతరములు తొట్టెలలో పెరిగిన ముఖ్య వంశములలో అది లోపించినది. ఈ సంగతి తేలుటకు తోడ్పడిన అడవివంశములలో ఒకదాని పేరు నాదియా, మరియొకదాని పేరు కూచ్‌బిహారు. రెండును బెంగాలు జిల్లాల పేర్లు. పట్టినవారు ఊరు వ్రాసి యుంచనిచో ఆ పోలిక సాధ్యమై యుండెడిది కాదు.

ఇక సేకరణ విధానము. మొదటి పని అనుమతి. భారతదేశమున 2002 నాటి జీవవైవిధ్య చట్టము 3వ విభాగమును బట్టి విదేశీయుడు ఇచ్చటి జీవరాశిని పరిశోధనకుగాని వ్యాపారమునకుగాని గ్రహింపదలచినచో చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య సంస్థ ఆమోదము పొందవలెను. పర్యాటకునిగా వచ్చి సీసాలు నింపుకొని పోవుట చట్టవిరుద్ధము. 2008లో డార్జిలింగు కొండలలో అనుమతి లేక కీటకములను సేకరించిన యిద్దరు చెక్ దేశీయులు నిర్బంధింపబడిరి. చేపలకును అదియే న్యాయము. మన దేశమునుండి పరదేశమునకు పోయి చేపలు తెచ్చువారికిని ఆ దేశపు అనుమతి, భారతప్రభుత్వపు దిగుమతి అనుమతి, వ్యాధి లేదను ధ్రువపత్రము, క్వారంటైను తప్పవు.

అనుమతి తరువాత నీరు. ఎరిగిన సేకర్త వల విప్పుటకు ముందు నీటి ఉష్ణోగ్రతను, ఆమ్లత్వమును, లవణముల పాలును కొలిచి వ్రాసికొనును. అమెజాను ఉపనదియగు రియోనీగ్రో నీరు తేనీటి రంగున నుండి, పి.హెచ్. 5కు లోబడి, లవణము లేనిదిగా నుండును. అచ్చటి చేపను తెచ్చి మామూలు బోరునీటిలో వదలినచో అది బ్రతికినను పిల్లలు పెట్టదు. పట్టుటకు పెద్దవలలు పనికిరావు; పొలుసు రాలిన చేపకు బూజు పట్టును. చిన్న చేతివల, గుడ్డ, వెదురు ఊత ఇవియే మేలు. స్థానికులగు జాలరుల తోడు లేక సఫలుడైన సేకర్త అరుదు. వారి పేర్లు మాత్రము పుస్తకములలో సాధారణముగా కానరావు. ఇది యీ విద్యకు పట్టిన పాతజబ్బు.

అన్నిటికంటె కఠినమైనది ప్రయాణము. పట్టిన చేపలను ఒకటి రెండు దినములు పస్తుంచుదురు. మేత తిన్న చేప సంచిలో విసర్జించి నీటిని విషము చేయును. ప్లాస్టిక్ సంచిలో మూడవవంతు నీరు పోసి, తక్కిన భాగమును ప్రాణవాయువుతో నింపి, రెండవ సంచి తొడిగి థర్మోకోల్ పెట్టెలో నుంతురు. త్రోవలో చేప విడుచు బొగ్గుపులుసు వాయువు నీటిని పుల్లబరచును. ఆ పులుపు వలననే చేప విసర్జించిన అమ్మోనియా కొంత నిరపాయమైన రూపమున అణగియుండును. ఇల్లు చేరిన సంతోషమున సంచిని విప్పి ఆలస్యము చేసినచో ఆ వాయువు వెడలిపోయి, అణగిన అమ్మోనియా మరల విషమగును. మూడు దినములు విమానములలో బ్రతికివచ్చిన చేపలు ఇంటివారి కన్నుల ముందు అరగంటలో చచ్చుటకు ఇది యొక కారణము. ఎరిగినవారు సంచి విప్పిన వెంటనే చేపలను వలతో తీసి సిద్ధపరచిన నీటిలోనికి మార్చి, సంచినీటిని పారబోయుదురు.

ఈ వేడుక వలన నదులకు మేలో కీడో ఒక్కమాటలో చెప్పుట కష్టము. బ్రెజిలునందు రియోనీగ్రో ఒడ్డున బార్సెలోస్ అను పట్టణము కలదు. 1956లో శాస్త్రనామము పొందిన కార్డినల్ టెట్రా యను ఎఱ్ఱని చిరుచేపయే దశాబ్దముల పాటు అచ్చటి కుటుంబముల జీవనాధారము. చేపకు కొనుగోలుదారుడున్నంత కాలము జాలరి అడవిని నరకక కాపాడుకొనునని అచ్చట పనిచేయు శాస్త్రజ్ఞుల వాదము. ఏటేట ఆ పట్టణమున జరుగు చేపలపండుగలో ఊరు రెండు పక్షములై, ఒకటి కార్డినలు పేర, మరియొకటి డిస్కస్ చేప పేర వేషములు వేసి పోటీపడును. బరంపురపు ఠాకురాణీ యాత్ర వేషములను చూచినవారు ఆ ఉత్సాహము నూహింపగలరు.

దీనికి ప్రతిగా బర్మా కథ కలదు. గోపాలపురము రేవున ఓడలెక్కి గంజాం తెలుగువారు వేలుగా పోయి, అచ్చట కొరంగీలని పిలువబడిన దేశమది. 2006లో షాన్ రాష్ట్రమున హోపోంగ్ దగ్గరి మడుగులలో, ముత్యములు చల్లినట్లు చుక్కలు గల చిట్టిచేప యొకటి బయల్పడినది. బొమ్మలు లోకమంతట ప్రాకగా కొలది మాసములలోనే వేలకొలది చేపలు ఎగుమతియై, తొలిమడుగులు రిక్తమైనవన్న వార్త వచ్చినది. ఆ పిదప ఇతర మడుగులలోను కనబడుట, తొట్టెలలో సులభముగా పిల్లలు పెట్టుట వలన ఆ జాతి గండము గడచినది. మన దేశమునను అట్టిదే జరిగినది. మద్రాసు గవర్నరు డెనిసన్ పేర 1865లో ఫ్రాన్సిస్ డే వర్ణించిన ‘మిస్ కేరళ’ పశ్చిమకనుమల యేరులలో తప్ప మరెక్కడను లేదు. 1997లో సింగపూరు ప్రదర్శనమున బహుమతి పొందుటతో దానికి గిరాకీ పెరిగి, ఏరులు ఖాళీ కాజొచ్చినవి. 2005 నుండి 2012 వరకు భారతదేశమునుండి ప్రమాదస్థితిలోనున్న 30 జాతుల మంచినీటి చేపలు కనీసము 15 లక్షలు ఎగుమతియైనట్లు 2013లో పరిశోధకులు లెక్కించిరి.

తొట్టెలలోనికి పోయిన చేపల సంగతి యిది. తొట్టెలనుండి వెలువడిన చేపల సంగతి వేరొకటి. పాచిని నాకి గాజును శుభ్రపరచునని అమెజాను నుండి తెచ్చిన కవచపు జెల్ల పెరిగి పెద్దదికాగా, పెంచువారు దానిని దయతో చెరువులో వదలిరి. అది నేడు ఆంధ్ర, ఒడిశా, బెంగాలు జలములలో వ్యాపించి, వలలను చించుచు, జాలరులచే దెయ్యపుచేప యనిపించుకొనుచున్నది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు చెంబెడు నీటిలోని జన్యుపదార్థమును పరీక్షించియే తూర్పుకనుమల జలాశయములలో దీని యునికిని గుర్తించు పద్ధతి కల్పించిరి. దూరదేశపు నదిని ఇంటికి తెచ్చుకొను ముచ్చటకు ఊరిచెరువు చెల్లించిన మూల్యమిది.

గంజాం సీమలో నీ విద్యపై ఆసక్తి గల యువకులు తొలియాత్రకు రియోనీగ్రో వఱకు పోనక్కరలేదు. ఒడిశా కొండలలో పుట్టిన బాహుదానది ఇచ్ఛాపురమువద్ద ఆంధ్రదేశమున ప్రవేశించి, మరల ఒడిశాలోనికి మరలి సునాపురము దగ్గర సముద్రమున కలియును. గిరిసోల చుట్టుపట్టులనున్న కాలువలలో నురుగుగూటి చేప, నెత్తిపై తెల్లని చుక్క మెరయు పాంకాక్స్, అద్దమువలె లోని ముల్లు కనిపించు రంగా మొదలగు జాతులను వెదకుటకు వానలు వెనుదీసి, వరిమళ్ళ నీరు తేరిన కార్తికమాసము అనుకూలము. తెలుగు కుటుంబమువారు దానినేమందురు, ప్రక్కయింటి ఒడియావారేమందురు, నోలియా జాలరులేమందురు అని మూడు పేర్లను, పట్టిన చోటును, తేదీని ఒక పుస్తకమున వ్రాసికొన్నచో, కనగుర్తకు రస్సెల్ చేసినదే ఆ చిరుచేపలకును చేసినట్లగును. పట్టిన చేపలను చూచి, బొమ్మతీసి, అదే గుంటలో విడుచుటకు ఖర్చులేదు. అమ్మదలచినచో మాత్రము జీవవైవిధ్య మండలి నడుగవలెను. బాహుద రెండు రాష్ట్రముల నది గనుక, కాలువ ఏ గట్టున నున్నదో దానినిబట్టి భువనేశ్వరమున నొక మండలి, ఆంధ్రరాష్ట్రమున నొక మండలి.