విశ్వకిరణాల ఊరేది?

1912లో విక్టర్ హెస్ బెలూనెక్కి అయిదు కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళాడు. పైకి పోతే రేడియేషన్ తగ్గాలిగదా! బాగా పెరిగింది. అంటే అది ఆకాశం నుంచే వస్తున్నదన్నమాట. అవే విశ్వకిరణాలు.

వీటిలో కొన్నింటి శక్తి నమ్మశక్యం కాదు. 1991 అక్టోబరు 15న అమెరికాలోని యూటాలో నమోదైన ఒకే ఒక్క కణంలో, గంటకు 90 కిలోమీటర్ల వేగంతో విసిరిన క్రికెట్ బంతికున్నంత శక్తి ఉంది!

దానికంత బలం ఎక్కడిది? చెప్పడం కష్టం. విద్యుదావేశమున్న కణాలు గనుక దారిలోని అయస్కాంత క్షేత్రాలు వాటిని వంచేస్తాయి. వచ్చిన దిక్కే పుట్టిన చోటు కానక్కరలేదు. పైగా ఇలాంటివి చదరపు కిలోమీటరుకు శతాబ్దానికి ఒకటి కూడా రాలవు. అందుకే అర్జెంటీనాలో 3000 చదరపు కిలోమీటర్ల మేర 1600కు పైగా నీళ్ళ ట్యాంకులు పెట్టి కాపు కాస్తున్నారు. కణం గాలిని ఢీకొంటే కురిసే పిల్లకణాలు ఆ నీళ్ళలో లిప్తపాటు వెలుగు పుట్టిస్తాయి. ఏ ట్యాంకులో ముందు, ఏ ట్యాంకులో తరువాత అని చూసి దిక్కు లెక్కగడతారు.

ఈ కణాలు మన పాలపుంత బయటినుంచే వస్తున్నాయని 2017లో అక్కడివారు తేల్చారు. అయితే మరీ దూరంనుంచీ రాలేవు. దారిలో శక్తి హరించుకుపోతుంది. ఇంతలో 2021 మే 27న యూటాలోనే చిక్కిన 'అమతెరాసు' కణం వచ్చిన దిక్కున చూస్తే, గెలాక్సీలు దాదాపు లేని శూన్యం!

జాబు చేరింది, రాసినవారి ఊరు మాత్రం తెలియలేదు. మన ఫిజిక్సు మిత్రులెవరైనా పూనుకోకూడదా?