మధుమేహుల పాదములు - ప్రత్యేకపు మేజోళ్ళు

మధుమేహము, అనగా చక్కెర జబ్బు, మన నేత కుటుంబములకు క్రొత్త సంగతి కాదు. ఈ జబ్బు గలవారి కొరకని వేరుగా అల్లిన మేజోళ్ళు ఇప్పుడు అంగళ్ళలో అమ్ముచున్నారు. అవి ఏమి చేయగలవు, ఏమి చేయలేవు, కొనునపుడు ఏమి చూడవలెను అను విషయములను ఇక్కడ వివరింపదలచినాము. దారము సంగతి తెలిసిన మనవారికి ఇది కష్టమైన పాఠము కాదు.

రక్తములో చక్కెర చాలకాలము అదుపు తప్పియున్నచో పాదములకు రెండు నష్టములు కలుగును. మొదటిది, నరములు చెడి స్పర్శ తగ్గును. రెండవది, రక్తనాళములు సన్నబడి పాదమునకు రక్తము చాలదు. స్పర్శ లేనందున గాయము తెలియదు. రక్తము చాలనందున అది త్వరగా మానదు. చిన్న బొబ్బ పుండై, పుండు కుళ్ళి, తుదకు వ్రేలినో పాదమునో తీసివేయవలసి వచ్చుట ఈ త్రోవనే. గుంటమగ్గములో వట్టి కాళ్ళతో తొక్కుడు చెక్కలను తొక్కువారికి అరికాలు కాయ కట్టుట తెలిసినదే. స్పర్శ గలవానిని ఆ కాయ బాధపెట్టి హెచ్చరించును. స్పర్శ లేనివానికి కాయ క్రింద పుండు పడినను తెలియదు.

ఈ సత్యమును గ్రహించుటలో మన దక్షిణదేశమునకు పాత్ర గలదు. 1946లో రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు కుష్ఠురోగుల పాదములను పరిశీలించి, నొప్పి తెలియకపోవుటచే కలుగు గాయములు, ఒత్తిడియే ఆ పుండ్లకు ముఖ్యకారణమని చూపెను. ఆ జ్ఞానమే పిమ్మట అమెరికాలో మధుమేహుల పాదములకును ఉపయోగపడెను.

ఇక మేజోటి నిర్మాణము. మన వస్త్రము పడుగు పేకలతో నేయబడును. మేజోడు దారపు ఉంగరములను ఒకదానిలో నొకటి దూర్చి అల్లబడును. అందుచేతనే అది సాగును. 1589లో ఇంగ్లండులో విలియం లీ కనిపెట్టిన మేజోళ్ళ యంత్రము మొదలు నేటి గుండ్రని అల్లిక యంత్రముల వరకు మూలసూత్రమిదియే. మధుమేహుల మేజోటిలో ముఖ్యముగా నాలుగు మార్పులుండును.

మొదటిది కుట్టు. మామూలు మేజోటికి వ్రేళ్ళ వద్ద ఉబ్బెత్తు కుట్టు ఉండి చర్మమును రాచును. వీనిలో ఆ కుట్టు లేకుండనో, చదునుగానో ముగింతురు.

రెండవది పై అంచు. బిగువైన రబ్బరు పట్టీ పిక్కను నొక్కును. ఇక్కడ అంచు వదులుగా అల్లబడును. విప్పిన తరువాత కాలిపై లోతైన గుర్తు పడినచో ఆ మేజోడు పనికిరాదు.

మూడవది మెత్తన. షోలాపూరు టెర్రీ తువ్వాలుపై లేచియుండు దారపు ఉంగరములను మనమెరుగుదుము. అట్టి ఉంగరములనే మడమ, వ్రేళ్ళ మొదళ్ళ క్రింద లోపలివైపున నిలుపుదురు. 1989లో ఇంగ్లండులో జరిగిన పరీక్షలలో ఇట్టి మేజోళ్ళు అరికాలిపై ఒత్తిడిని తగ్గించినట్లు తేలినది.

నాలుగవది దారము, రంగు. నూలు చెమటను పీల్చును గాని త్వరగా ఆరదు; తడిసిన చర్మము మెత్తబడి చిట్లును. కనుక చెమటను బయటికి లాగు కృత్రిమపు పోగులను నూలుతో కలుపుదురు. తెలుపు రంగు మేలు. రక్తము గాని చీము గాని అంటిన వెంటనే కనిపించును.

అయితే మేజోడు మందు కాదు. పోయిన స్పర్శను తేలేదు, పుండును మాన్పలేదు. ఇరుకు చెప్పులో మందపు మేజోడు దూర్చినచో ఒత్తిడి హెచ్చును. వట్టి మేజోళ్ళతో నడచుట కూడ తగదని నిపుణుల మాట. సిరలు ఉబ్బినవారికి ఇచ్చు బిగుతు మేజోళ్ళు వేరు. రక్తము చాలని కాలికి అవి అపాయము, వైద్యుడు చెప్పనిదే తొడుగరాదు. ప్రత్యేకపు మేజోళ్ళు కొనలేనివారు మామూలు వదులు మేజోళ్ళను తిరగవేసి, కుట్టు బయటికి వచ్చునట్లు తొడుగుకొనవచ్చును. ప్రతిదినము ఉతికినవి మార్చవలెను.

స్పర్శను వైద్యులు 10 గ్రాముల ఒత్తిడికి వంగు నైలాను పోగుతో పరీక్షింతురు. ఇంటిలోనైనచో, రోగి కన్నులు మూసికొనగా, మరియొకరు రెండు పాదముల బొటనవ్రేలు, నడిమివ్రేలు, చిటికెనవ్రేలు కొనలను ఒకటి రెండు క్షణములు తేలికగా తాకవలెను. ఆరింటిలో రెండైనను తెలియనిచో వైద్యుని చూడవలెను.

మగ్గమెక్కుటకు ముందు తొక్కుడు చెక్కలపై మేకుమొనలు, పేళ్ళు లేకుండ చూచుకొనుడు. రాత్రి పాదములు కడిగి, వ్రేళ్ళ సందులు తుడిచి, అరికాళ్ళను అద్దములోనో ఇంటివారిచేతనో చూపించుకొనుడు. పుండు కనిపించిన నాడే వైద్యునివద్దకు పొండు. నొప్పి లేదు గదా యని వారము ఆగువారు మనలో పలువురు. ఈ జబ్బులో నొప్పి లేకుండుటయే ప్రమాద సూచన.