గాలికి రెండు దారులు

గోదావరిఖని బొగ్గుగనులలో దిగిన కార్మికునకు తొలి దినములలోనే బోధపడు పాఠమొకటి కలదు. గాలి లోపలికి వచ్చుటకు దారి యున్నంత మాత్రమున చాలదు. వెలుపలికి పోవుటకు వేరొక దారి యుండవలెను. ఇంక్లైను నోటినుండి దిగిన మంచిగాలి పని జరుగు తావులన్నియు చుట్టి, వేడిని, ధూళిని, చెడువాయువులను మోసికొని మరియొక మార్గమున మీదికి పోవును. అచ్చట పెద్ద ఫ్యాను దానిని లాగి వెలుపలికి వదలును. ఆ తిరుగుదారి మూసికొనిపోయినచో, వచ్చుదారి యెంత విశాలమైనను ప్రయోజనము లేదు. సొంత చేతులతో కట్టుకొన్న చిన్న విమానమునకు రోటరీ ఇంజను అమర్చుకొన్నవారు నేర్వవలసి వచ్చిన పాఠమును ఇదియే.

విమానమును తామే నిర్మించి తామే నడుపుకొను ఔత్సాహికులు అమెరికాలో వేలకొలది కలరు. 1953లో విస్కాన్సిన్ రాష్ట్రమున వారి కొరకు ప్రయోగాత్మక విమాన సంఘము వెలసినది. వారిలో కొందరు మోటారుకార్ల రోటరీ ఇంజనును విమానమునకు తగిలించిరి. జర్మనీ దేశీయుడు ఫెలిక్స్ వాంకెల్ ఊహించిన ఈ ఇంజను 1957లో మొదట నడిచినది. 1967లో జపాను దేశపు మాజ్దా సంస్థ రెండు రోటర్ల ఇంజనుతో కారును విడుదల చేసినది. ఇందు పైకి క్రిందికి కదలు పిస్టను లేదు. త్రిభుజాకారపు రోటరు ఒక గూటిలో తిరుగుచుండును. కదలు భాగములు తక్కువ, అదురు తక్కువ, బరువునకు తగినదానికంటె శక్తి ఎక్కువ. మన దేశమున తయారైన వాంకెల్ ఇంజనుతో 2009లో కోలారు సమీపమున నిశాంత్ అను మానవరహిత విమానము ఎగిరినది.

అయితే ఒక చిక్కు కలదు. మాజ్దా ఇంజనులో వెలుపలి గూటిని నీరు చల్లార్చును. నిప్పు నడుమ తిరుగు రోటరును ఆ నీరు చేరజాలదు. ఆ భారము నూనెదే. నడిమి ఇరుసులోని సన్నని రంధ్రములనుండి నూనె రోటరు లోపలి గోడలపై చిమ్మబడి, వేడిని గ్రహించి వెలుపలికి వచ్చును. చల్లార్చి తొలగింపవలసిన వేడిలో సుమారు మూడవ వంతు నూనెయే మోయును. కందెనయు తానే, మోతకూలియు తానే.

నూనె రమారమి 80 నుండి 100 డిగ్రీల సెంటిగ్రేడు నడుమ నుండుట మేలు. చల్లగానున్నచో చిక్కబడి సరిగా పారదు. అందు చేరిన తేమ ఆవిరియై పోదు. మిక్కిలి వేడెక్కినచో పలుచబడి, బేరింగులను కాపాడు నూనెపొర తెగును. రోటరు ప్రక్కల నూనెను ఆపు రబ్బరు వలయములు గట్టిపడి చెడును. కారు ఆగినచో రోడ్డు ప్రక్కకు నెట్టవచ్చును. ఆకాశమున రోడ్డు ప్రక్క అనునది లేదు.

విద్యార్థులు ఒక లెక్క వేసి చూడవచ్చును. కూలరు గాలికి ఒప్పగించు వేడి, నూనెకును గాలికిని గల ఉష్ణోగ్రతల తేడాను బట్టి యుండును. నూనె 90 డిగ్రీలు, గాలి 15 డిగ్రీలు అయినచో తేడా 75. గోదావరిఖనికి చేరువనున్న బసంత్‌నగర్‌లో 1980ల దశకమున వాయుదూత్ విమానములు దిగెడివి. తరువాత ఆ రాకపోకలు నిలిచిపోయినవి. అట్టి చోటినుండి మే నెల మధ్యాహ్నమున ఈ చిన్న విమానము లేచెననుకొనుడు. గాలి 45 డిగ్రీలు. తేడాయు 45 మాత్రమే. అదే కూలరు ఇప్పుడు ఐదింట మూడు వంతుల పనియే చేయును. పైకెక్కు సమయము మరియు గడ్డు: ఇంజను పూర్ణశక్తితో మండుచుండును, విమానపు వేగము తక్కువగుటచే కూలరునకు తగులు గాలియు తక్కువ.

పెద్ద కూలరు తగిలించుటయే మందని తోచును. కాని దానివలన బరువు పెరుగును, గాలికి అడ్డమును పెరుగును. అనుభవజ్ఞులు ముందుగా గాలిదారిని చూతురు. చిన్న ద్వారమున వేగముగా చొచ్చిన గాలిని క్రమముగా వెడల్పగు గొట్టమున నడపినచో, వేగము తగ్గి పీడనము పెరుగును. అప్పుడది కూలరు రేకుల సందులన్నిటను సమముగా దూరును. అంచులలో ఖాళీలున్నచో గాలి కూలరును తప్పించుకొని పోవును గనుక వానిని బిగింపవలెను. అన్నిటికంటె ముఖ్యము వెలుపలి దారి. అది పీడనము తక్కువగానుండు తావున తెరువబడవలెను. ఇంజను అరలో గాలి నిలిచి పీడనము పెరిగినచో, ముందరి ద్వారమెంత పెద్దదైనను ఫలము లేదు.

నూనె వేడిని కూలరునకు ముందొకచోట, తరువాత నొకచోట కొలిచినచో, ఆ రెంటి తేడా కూలరు చేసిన పనిని చెప్పును. ముల్లు ఎర్రగీతను సమీపించినచో వైమానికుడు శక్తి తగ్గించి, విమానపు ముక్కు దించి, వేగము పెంచి గాలిని రప్పించుకొనును. గనిలో ఊపిరాడని దాక ఎవరును ఆగరు; గాలి వేగమును అనిమోమీటరుతో కొలిచి పుస్తకమున వ్రాయుదురు. ఇంజను మొరాయించు దాక ఆగని వైమానికుడును ఆ జాగ్రత్తయే పాటించుచున్నాడు.