వెలుగు మారితే ఆకు రంగు మోసం చేస్తుంది

ధర్మవరంలో పట్టుచీర కొనేటప్పుడు ఆడవాళ్లు ఏం చేస్తారో గమనించారా? ట్యూబ్‌లైటు కింద ఎంత బాగున్నా, గడప దాటి పగటి వెలుతురులోకి తెచ్చి మరోసారి చూస్తారు. చీర అదే, వెలుగే వేరు. చీరకు పడే ఈ జాగ్రత్త, యూరియా మూట విప్పేముందు పైరుకూ పడాలి.

రంగు చూసి పనిచేసే యంత్రాలకూ ఇదే చిక్కు. మీరెరిగిన సార్టెక్స్ బియ్యమే తీసుకోండి. మిల్లులో గింజలు జారిపడుతుంటే కెమెరా చూస్తుంది. రంగు తేడా ఉన్న గింజను గాలితో పక్కకు ఊదేస్తుంది. అక్కడ యంత్రానికి సొంత దీపాలుంటాయి. వెలుగు మారదు కాబట్టి పని సాఫీగా సాగుతుంది.

మరి ఆరుబయట తిరిగే యంత్రం సంగతి? మబ్బు పడితే ఒక రంగు, ఎండ కాస్తే ఇంకో రంగు. మన కంటికి వెలుగుతో కొంత సర్దుకోవడం తెలుసు. కెమెరాకు అంకెలే తెలుసు. వెలుగు మారితే ఆ అంకెలూ మారిపోతాయి.

అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో మోహన్ శ్రీధరన్, పీటర్ స్టోన్ అనే పరిశోధకులు 2000 తర్వాతి పదేళ్లలో ఈ చిక్కు మీద పనిచేశారు. సోనీ కంపెనీ 1999లో అమ్మకానికి తెచ్చిన ‘ఐబో’ అనే మరకుక్కకు బంతాట నేర్పుతూ, రంగులు తనంతట తానే నేర్చుకునే పద్ధతి కనిపెట్టారు. మైదానంలో ఏ రంగు వస్తువు ఎక్కడుందో దానికి ముందే చెప్పారు. అది అక్కడికి నడిచి వెళ్లి, ఆ రంగు ఈ వెలుగులో ఎలా కనిపిస్తోందో గుర్తుపెట్టుకుంటుంది. దీపాలు మార్చితే, చూసే దృశ్యం పాత లెక్కకు పొసగడం లేదని గ్రహించి, మళ్లీ నేర్చుకుంటుంది. కిటుకు ఒక్కటే: తెలిసిన రంగుతో పోల్చుకోవడం.

పరిగి చెరువు కింద వరి వేసే రైతుకు ఆ ‘తెలిసిన రంగు’ ఆకురంగుల కార్డు. లేత పచ్చ నుంచి ముదురు పచ్చ దాకా పట్టీలుంటాయి. వాడేటప్పుడు ఇవి పాటించండి:

- నాటిన రెండు మూడు వారాల నుంచి పూత మొదలయ్యేదాకా, వారం పది రోజులకోసారి చూడాలి.
- ఉదయం 8–10 గంటల మధ్య మంచిది. ప్రతిసారీ అదే వేళకు, అదే మనిషి చూడాలి.
- ఎండ పడకుండా మీ నీడలో కార్డు పట్టాలి.
- తెగులు లేని 10 దుబ్బుల్లో, పూర్తిగా విచ్చుకున్న పై ఆకును తుంచకుండా పోల్చాలి.
- 6 లేక అంతకంటే ఎక్కువ ఆకులు మీ రకానికి చెప్పిన పట్టీ కంటే పాలిపోయి ఉంటేనే నత్రజని వేయాలి. ఆ పట్టీ ఏదో వ్యవసాయాధికారిని అడగండి.

మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆకు పాలిపోయినట్టుందని యూరియా చల్లితే డబ్బు దండగ. నత్రజని ఎక్కువైతే అగ్గితెగులు, సుడిదోమ కూడా పెరుగుతాయి.

మల్బరీ ఆకుకో వేరుశనగకో తెగులు వచ్చి ఫోటో పంపేటప్పుడూ ఇదే సూత్రం. ఆకును నీడలో ఉంచి, పక్కన తెల్ల కాగితం పెట్టి తీయండి. కాగితమే పసుపుగా కనిపిస్తే, తప్పు ఆకుది కాదు, వెలుగుదని తెలిసిపోతుంది.

రంగు చూసే ముందు వెలుగు చూడండి. మందు సంగతి ఆ తర్వాత.